మౌలాలి గుట్ట కింద మహలఖా బాయి

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుల జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి, మహాకవి జాషువా గురించి మన అక్కలు వెనుకటి సంచికల్లో రాశారు. ఈసారి ఆ బాధ్యత తొమ్మిదో తరగతి వాళ్ళమైన మాకు అప్పగించారు. మేము ఎంచుకున్న మనిషి ఒక నాట్యకత్తె. హైదరాబాదులో పాడి, ఆడి, కవిత్వం రాసి, 1824లో కన్నుమూసిన మహలఖా బాయి చాందా. ఎందుకు ఈమెనే ఎంచుకున్నారని వార్డెన్ మేడమ్ అడిగారు. చదివితే మీకే తెలుస్తుందని చెప్పి కాగితాలు ఆమె చేతిలో పెట్టాం.

అసలు ఈమె మా కంట పడింది విహారయాత్రలో. జూ పార్కు, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం అందరూ చూసేవే కదా, ఈసారి పాత రోజుల్లో ఆటపాటలతో పేరు తెచ్చుకున్న వాళ్ళ సమాధులు చూద్దామని సోషల్ మేడమ్ అన్నారు. సమాధులనగానే సగం మంది ముఖాలు చిన్నబోయాయి. సమాధుల దగ్గరికి పోయొస్తే తలంటు పోసుకోకుండా ఇంట్లోకి రానివ్వరని ఒకరు, విహారయాత్ర అంటే విహారం ఉండాలని ఇంకొకరు. చివరికి వంట అక్క పులిహోర పొట్లాలు కట్టి ఇవ్వడంతో అందరం బస్సెక్కాం.

ముందు గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళాం. రాజుల పెద్ద పెద్ద గుమ్మటాల నడుమ తారామతి, ప్రేమామతి అనే ఇద్దరి సమాధులు ఉన్నాయి. వీళ్ళు అబ్దుల్లా కుతుబ్‌షా దర్బారులో పాడి ఆడిన వారని ప్రతీతి. రాజులను పూడ్చిన తోటలోనే వారికీ చోటు దొరికింది. అయితే వారి గురించి మనకు మిగిలినవి కథలే. తారామతి తన బారాదరి నుంచి కోట దాకా కట్టిన తాడు మీద నాట్యం చేసిందంటారు. గాలి వాటున ఆమె పాట కోటలో రాజుకు వినబడేదంటారు. వాళ్ళ అమ్మ ఎవరు, ఏ ఊరు, ఏం తిన్నారు, ఎప్పుడు ఏడ్చారు అనేది ఒక్క ముక్క కూడా లేదు. మహలఖా బాయి సంగతి అలా కాదు. ఆమె తన సంగతి తానే రాయించుకుని పోయారు. అందుకే ఆమె గురించి ఇంత రాయగలుగుతున్నాం.

ఈ కథను ఆమె పుట్టుకతో కాదు, ఆమె అమ్మమ్మతో మొదలుపెట్టాలి. ఆ అమ్మమ్మ పేరు కూడా చాందా బీబీయే. గుజరాత్‌లో అహ్మదాబాద్ వైపు వారు. భర్తకు సర్కారు కొలువు. లెక్కల్లో సొమ్ము తేడా వచ్చేసరికి ఆయన భార్యాబిడ్డలను వదిలేసి పారిపోయాడు. పిల్లల తల్లి నడివీధిలో నిలబడింది. ఉన్నదంతా పోయింది. పిల్లలను వెంటబెట్టుకుని రాజపుటానా వైపు నడిచింది. అక్కడ దేవలియా అనే చోట ఊరూరా తిరిగి ఆడిపాడే భగత్ బృందం వాళ్ళు ఆ కుటుంబానికి తిండి, నీడ ఇచ్చారు. ఆ అన్నానికి బదులు ఆడపిల్లలు ఆట, పాట నేర్చుకోవాల్సి వచ్చింది. పిల్లల పేర్లు కూడా మారిపోయాయి. వారిలో మీదా బీబీ అనే పిల్ల రాజ్ కున్వర్ అయ్యింది. ఆమే మన మహలఖా బాయి తల్లి.

ఇది చదివినప్పుడు మాలో కొందరు చాలాసేపు మాట్లాడలేదు. నాన్న వదిలేసి పోతే అమ్మ ఒక్కతే పిల్లలను సాకడం మన హాస్టల్‌లో ఎంతమందికి తెలియదు? కరువొచ్చినా, అప్పు మీద పడినా, పిల్లలను వెంటబెట్టుకుని ఊరు విడిచే అమ్మ కథ మూడు వందల ఏళ్ళ క్రితం కూడా ఇలాగే ఉందన్నమాట.

రాజ్ కున్వర్ పెద్దదై మంచి గాయని అయ్యారు. అక్కడి నుంచి బుర్హాన్‌పూర్ మీదుగా దక్షిణానికి వచ్చారు. ఆ రోజుల్లో సైన్యం కదిలితే దాని వెంట ఒక ఊరే కదిలేది. అంగళ్ళు, వంటవాళ్ళు, చాకళ్ళు, మంగళ్ళు, వారితోపాటే ఆటపాటల వాళ్ళు. అలా నిజాం సైన్యం వెంట ఆ కుటుంబం దక్కనుకు చేరింది. 1763లో నిజాం అలీ ఖాన్ తన రాజధానిని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మార్చారు. కొత్త రాజధానిలో కొత్త దివాణాలు, కొత్త దర్బార్లు. పాటగాళ్ళకు పని దొరికే కాలం అది.

రాజ్ కున్వర్ కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి మౌలాలి గుట్టకు వెళ్ళారట. ఆ గుట్ట మీద హజ్రత్ అలీ పేర వెలసిన దర్గా ఉంది. కుతుబ్‌షాహీల కాలం నుంచీ రజబ్ నెలలో అక్కడ పెద్ద ఉత్సవం జరుగుతుంది. దారిలో ఆమెకు గర్భం పోయేంత పని అయిందట. వెంట వచ్చిన చిత్రకారుడు తజల్లీ అలీ షా గుట్ట ఎక్కి, దర్గా నుంచి దారమూ ప్రసాదమూ తెచ్చి ఇస్తే కడుపులో బిడ్డ నిలిచిందట. ఈ సంగతిని ఆ కుటుంబం నమ్మింది, రాయించింది. 1768లో ఆ బిడ్డ పుట్టింది. అమ్మమ్మ పేరే పెట్టుకున్నారు, చాందా అని. తండ్రి బహదూర్ ఖాన్ మొగలుల కొలువులో మనసబుదారుగా చేసి దక్కనుకు వచ్చిన వాడు.

పిల్లను పెంచింది మాత్రం మెహతాబ్ అనే బంధువు. ఆమెకు పిల్లలు లేరు. నిజాం దివాను రుక్నుద్దౌలా ఇంటి ఇల్లాలు. అలా ఒక నాట్యకత్తె బిడ్డ దివాను గారి ఇంట పెరిగింది. ఆ ఇంట్లో పుస్తకాలున్నాయి, పంతుళ్ళున్నారు. ఆమె పారసీ, ఉర్దూ చదివారు. గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చుకున్నారు. ఖుష్‌హాల్ ఖాన్ అనే పెద్ద విద్వాంసుడి దగ్గర సంగీతం, నాట్యం అభ్యసించారు. పుట్టిన చోటు ఒకటి, చదువు దొరికిన చోటు ఒకటి. చదువు దొరికిన చోటే మనిషిని మలిచింది. ఈ మాట మేము హాస్టల్ పిల్లలం కాబట్టి రాస్తున్నామని అనుకున్నా సరే.

పెద్దయ్యాక ఆమె కీర్తి నిజాం అలీ ఖాన్ దాకా చేరింది. ఆయన ఆమెను మూడు దండయాత్రలకు వెంట తీసుకెళ్ళారు. ఆమె మగవారి దుస్తులు వేసుకుని, విల్లు పట్టుకుని గుర్రమెక్కి వెళ్ళేవారు. ఈటె విసరడంలో కూడా దిట్ట అని రాశారు. వేటకు పోయినా ఆమె వెంట ఉండాల్సిందే. దర్బారులో అమీర్ల వరుసలో ఆమెకు స్థానం ఇచ్చారు. రాజ్య వ్యవహారాల్లో ఆమె సలహా అడిగేవారు. మహలఖా అనే బిరుదు అలా వచ్చిందే. చంద్రుడి వంటి ముఖం గలది అని దాని అర్థం. చాందా అన్నా చంద్రుడే. అంటే ఆమె పేరులో చంద్రుడు రెండుసార్లు ఉన్నాడు.

బిరుదుతోపాటు జాగీర్లు వచ్చాయి. హైదర్‌గూడ, చందానగర్, అడిక్‌మెట్ ఆమె జాగీర్లలో ఉండేవి. ఏ అధికారి ఇంటికైనా ఆమె వెళితే వెనుక ఐదు వందల మంది సిపాయిలు నడిచేవారని చెబుతారు. అమ్మమ్మ అన్నం కోసం పిల్లలను వెంటబెట్టుకుని నడిచింది, మనుమరాలి వెనుక సిపాయిలు నడిచారు. మధ్యలో రెండు తరాలే.

ప్రధానమంత్రిగా చేసిన మీర్ ఆలం ఆమె అందాన్ని తల నుంచి పాదాల దాకా వర్ణిస్తూ ఒక కావ్యమే రాశారు. తరువాతి కాలంలో రాజా చందూలాల్ కూడా ఆమెను ఎంతో గౌరవించారు. మగవాళ్ళు రాసిన దాంట్లో ఎక్కువ భాగం ఆమె ముఖం గురించే. మాకు మాత్రం ఆమె చేతి రాత గురించి తెలుసుకోవాలనిపించింది.

ఆమె ఉర్దూలో గజళ్ళు రాశారు. గజల్ అంటే రెండేసి పాదాల చరణాలు కూర్చిన పాట వంటి కవిత. ఒక కవి రాసిన గజళ్ళన్నీ ఒకచోట చేర్చిన పుస్తకాన్ని దీవాన్ అంటారు. ఉర్దూలో సొంతంగా దీవాన్ కూర్చుకున్న తొలి స్త్రీలలో ఆమె ఒకరు. చాలా కాలం ఆమెనే మొట్టమొదటి వారు అనుకున్నారు. తరువాత లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అనే మరో దక్కను కవయిత్రి దీవాన్ ఒక ఏడాది ముందుది బయటపడింది. ఇద్దరూ మన నేల వాళ్ళే కావడం మాకు ఇంకా సంతోషం. ఎవరు ముందు అనే తగాదా పండితులు చూసుకుంటారు.

మహలఖా బాయి దీవాన్ 1798లో తయారైంది. అందులో 125 గజళ్ళున్నాయి. ఒక్కో గజల్‌కు ఐదు చరణాలు, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ప్రతి గజల్ చివరి చరణం హజ్రత్ అలీని తలచుకుంటూ ముగుస్తుంది. మాలో లెక్కల్లో చురుకైన పిల్ల ఒకరు వెంటనే పట్టేసింది, 125 అంటే ఐదును ఐదుతో రెండుసార్లు హెచ్చిస్తే వచ్చేదని. షియాలకు ఐదు పవిత్రమైన సంఖ్య. ప్రవక్త, ఆయన కూతురు ఫాతిమా, అల్లుడు అలీ, మనుమలు హసన్, హుసేన్ కలిసి ఐదుగురు. అంటే ఆమె పుస్తకాన్ని ఊరికే కుట్టించలేదు, గోడ కట్టే మేస్త్రీలా కొలత పెట్టి కట్టుకున్నారు. దర్బారులో వినోదం కోసం పాడే పాటలోనే తన మొక్కు కూడా తీర్చుకున్నారు. ఈ తెలివి మాకు చాలా నచ్చింది.

1799 అక్టోబరు 18న ఒక నాట్య సభలో ఆమె ఆ దీవాన్ ప్రతి ఒకదాన్ని ఇంగ్లీషు అధికారి మాల్కంకు కానుకగా ఇచ్చారు. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అప్పటికి ఇంగ్లీషు వాళ్ళు హైదరాబాదులో వేళ్ళూనుకుంటున్న కాలం. టిప్పు సుల్తాన్ ఆ ఏడాది మేలోనే శ్రీరంగపట్నంలో నేలకొరిగారు. ఎవరి చేతిలో బలం పెరుగుతోందో ఆమె గమనించే ఉంటారని, అందుకే పుస్తకం అటు ఇచ్చారని మాలో కొందరి ఊహ. కాదు, మంచి పుస్తకాన్ని నలుగురికీ పంచుకోవాలనుకున్నారని మరికొందరి ఊహ.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. ఈమె గురించి సంచికలో రాద్దామని అనుకున్నప్పుడు మాలోనే వాదం జరిగింది. ఆమె తవాయిఫ్. పెద్దవాళ్ళ కొలువుల్లో ఆడిపాడి, వారి దయ మీద బతకాల్సిన వృత్తి అది. మన జిల్లాల్లో జోగినులని, బసివిలని పేరు పెట్టి పేద దళిత ఆడపిల్లలను దేవుడికి ఇచ్చామని చెప్పి ఊరి పెద్దల పాలు చేసిన దురాచారం మనకు తెలుసు. 1988లో మన రాష్ట్రంలో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా ఆ పేరు మోసిన ఇళ్ళ నుంచి మన హాస్టళ్ళకు చదువుకోడానికి వచ్చిన పిల్లలు ఉన్నారు. అలాంటప్పుడు ఒక తవాయిఫ్‌ను గొప్పగా చెబితే, ఆ కష్టానికి పట్టుచీర కట్టినట్టు కాదా అని ఒక అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్న.

మేము ఇలా అనుకున్నాం. జోగినికీ మహలఖా బాయికీ పోలిక లేదు. జోగినికి జాగీరు లేదు, చదువు లేదు, కాదనే హక్కు అంతకన్నా లేదు. మహలఖా బాయికి అవన్నీ దొరికాయి. కానీ అవి దొరికింది కూడా ఒకరి దయ వల్లే. నిజాం మనసు మారితే జాగీరు మారిపోయేది. ఆమెకు ఈ సంగతి తెలుసు. ఎందుకంటే ఆమె చేసిన మిగతా పనులన్నీ, తన చేతిలో ఉన్నది చేజారకముందే వేరే ఆడవాళ్ళకు అందించిన పనులే.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లలను పెంచుకున్నారు. సంగీత నాట్యాలు నేర్పే ఒక శాల నడిపారు. అందులో మూడు వందల మంది అమ్మాయిలు ఆమె దగ్గర, ఇతర గురువుల దగ్గర నేర్చుకునేవారు. మూడు వందల మంది అంటే ఎంతో మనకు బాగా తెలుసు. పొద్దున్నే నల్లా దగ్గర బక్కెట్ల వరుస గుర్తు తెచ్చుకుంటే చాలు. ఆ పిల్లలంతా తమ ఇష్టంతోనే వచ్చారా, పెద్దయ్యాక వాళ్ళు ఏం కావాలో వాళ్ళే ఎంచుకున్నారా అంటే, ఆ కాలంలో ఆ వీలు ఉండేదని మేము అనుకోవడం లేదు. అయినా తిండి, నీడ, ఒక విద్య ఒకే చోట దొరకడం చిన్న సంగతి కాదు. ఆమె అమ్మమ్మకు భగత్ బృందం ఇచ్చింది కూడా సరిగ్గా ఆ మూడే.

ఆమె పెద్ద గ్రంథాలయం కూడా సమకూర్చుకున్నారు. పుస్తకాలు తెప్పించడం, నకళ్ళు రాయించడం చేసేవారు. గులాం హుసేన్ జౌహర్ అనే చరిత్రకారుడిని పోషించి దక్కను చరిత్ర రాయించారు. ఆ గ్రంథం పేరు మాహ్‌నామా. అందులో రాజుల వంశాలతోపాటు తన కుటుంబం కథ కూడా చేర్పించారు. మేము పైన రాసిన అమ్మమ్మ పేదరికం, తాత పారిపోవడం, పేర్లు మార్చుకోవడం దాచిపెట్టాలనుకుంటే దాచేయగల స్థితిలో ఆమె ఉన్నారు. డబ్బిచ్చి రాయించేది ఆమే కదా, ఏదో ఒక రాజవంశం పేరు తగిలించుకోవచ్చు. చాలామంది తగిలించుకున్నారు కూడా. ఆమె ఉన్నదున్నట్టు రాయించారు. ఈ ఒక్క పని కోసమే ఆమెను ఈ సంచికలో వేయాలని, పైన ప్రశ్న అడిగిన అక్క కూడా చివరికి ఒప్పుకుంది.

తల్లి రాజ్ కున్వర్ పోయాక, 1792లో మౌలాలి గుట్ట పాదం దగ్గర ఆమెకు సమాధి కట్టించారు. తాను కడుపులో నిలిచిన చోటు అదేనని ఆమె నమ్మకం. సమాధి ఒక్కటే కాదు. చుట్టూ ప్రహరీ, లోపల తోట, మసీదు, ఆషుర్‌ఖానా, మెట్ల బావి, బాటసారులు ఆగడానికి సరాయి కట్టించారు. రజబ్ ఉత్సవానికి గుట్ట ఎక్కే జనం అక్కడ దిగి నీళ్ళు తాగి సేదతీరేవారు.

1824లో మహలఖా బాయి మరణించారు. తల్లి పక్కనే ఆమెనూ పూడ్చిపెట్టారు. బంగారం, వెండి, నగలు, భూములు చాలా మిగిలాయి. వాటిని ఇల్లూ వాకిలీ లేని ఆడవాళ్ళకు చెందేలా రాసి పోయారు. అదే ఏడాది ఆమె గజళ్ళలో 39 ఏరి గుల్జార్-ఎ-మహలఖా అనే పేరుతో ప్రచురించారు.

తరువాత నూటయాభై ఏళ్ళకు పైగా ఆ తోటను పట్టించుకున్న వారు తక్కువ. చుట్టూ కాలనీలు వచ్చాయి, లోపల ముళ్ళకంపలు పెరిగాయి. 2010, 2011 సంవత్సరాల్లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధులతో మరమ్మతులు చేశారు. మన నాట్యకత్తె సమాధిని బాగు చేయడానికి అంత దూరం నుంచి డబ్బు రావడం మాకు సంతోషంగానూ ఉంది, కొంచెం సిగ్గుగానూ ఉంది.

మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గుట్ట దగ్గరి ఇరుకు సందుల్లో బస్సు పోదని డ్రైవరన్న దూరంగా ఆపేస్తే వరుసగా నడిచి వెళ్ళాం. తలుపు మీద ఆమె మరణాన్ని గురించి ఉర్దూలో చెక్కిన పద్యం ఉంది. మాలో ఉర్దూ చదవడం వచ్చిన చెల్లెలు ఒక్కతే. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంటే మిగతా వాళ్ళం చుట్టూ నిలబడ్డాం. పొద్దున బస్సెక్కనని మొండికేసిన పిల్లలే ఎక్కువసేపు ఉన్నారు. తల్లీకూతుళ్ళ సమాధులు రెండూ పక్కపక్కనే ఉండడం చూసి ఒక చిన్న పిల్ల, వీళ్ళను వేరే వేరే హాస్టళ్ళలో వేయలేదు కదా అంది. నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. ఆ పిల్ల అమ్మ వలస పనికి వెళ్ళి ఏడాదికి ఒకసారి వస్తుంది.

చివరగా మన పూర్వ విద్యార్థినులకు ఒక సంగతి. మీలో చాలామంది ఇక్కడి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి డిగ్రీలు, పీజీలు చేశారు. 1918లో ఏర్పడిన ఉస్మానియాకు తరువాత శాశ్వత ప్రాంగణం కట్టింది అడిక్‌మెట్ భూముల్లోనే. అంటే మీరు హాల్ టికెట్లు పట్టుకుని పరుగెత్తిన ఆ నేల ఒకప్పుడు మహలఖా బాయి జాగీరు. తార్నాక వైపు ఆ ప్రాంగణాల చెంత ఆమె పేరుతో పిలిచే మెట్ల బావి కూడా ఉంది. అటు వెళ్ళినప్పుడు ఒకసారి చూసి రండి. మౌలాలికి వెళ్ళేవాళ్ళు మాత్రం నీళ్ళ సీసా మరిచిపోకండి, గుట్ట మెట్లు నాలుగు వందలకు పైనే ఉన్నాయి.